పాఠాలు రాసే చోట రైతు ఎక్కడ?

నేల సారం పోకుండా, నీరు అడుగంటకుండా వ్యవసాయం ఎలా చేయాలో పిల్లలకు నేర్పడానికి దేశదేశాల విశ్వవిద్యాలయ అధ్యాపకులు చేతులు కలుపుతున్నారు. ఒకరి పాఠాలు ఒకరు చూసుకుంటున్నారు, కలిసి పరిశోధనలు చేస్తున్నారు. మంచిదే, మన సంఘం దీన్ని కాదనదు. కానీ ఆ పాఠాలు రాసేటప్పుడు పక్కన ఎవరు కూర్చుంటున్నారని అడగక తప్పదు.

ఇలాంటి సహకారం మనకు కొత్త కాదు. 1964లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం సాయపడింది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కింద ఉండాలన్న పద్ధతీ అక్కడిదే. దానివల్ల మేలు జరగలేదని అనం. మనం పండించి తింటున్న సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఆ విశ్వవిద్యాలయం వారి బాపట్ల కేంద్రంలో పుట్టిందే. అయితే విస్తరణ అంటే వాళ్లు చెప్పడం, మనం వినడం అన్నట్టుగానే నడిచింది. 2005లో వచ్చిన భారత్–అమెరికా వ్యవసాయ విజ్ఞాన ఒప్పందం ఇంకో అడుగు ముందుకేసింది. దాని బోర్డులో ప్రొఫెసర్ల సరసన మోన్‌శాంటో, వాల్‌మార్ట్ వాళ్లు కూర్చున్నారు.

1990లో ఫ్రాన్స్‌లోని తల్వార్‌లో 22 మంది విశ్వవిద్యాలయాధిపతులు పర్యావరణ విద్య మీద పది అంశాల ప్రకటన చేశారు. తర్వాత వందల విశ్వవిద్యాలయాలు దాని మీద సంతకాలు పెట్టాయి. ప్రభుత్వాలను, ఫౌండేషన్లను, పరిశ్రమలను కలుపుకోవాలని అందులో ఉంది. రైతు ఊసు విడిగా లేదు.

రైతును కలుపుకుంటే ఏమవుతుందో ఇండోనేషియా చూపించింది. అక్కడ వరిని సుడిదోమ ఊడ్చేసింది. మందు కొట్టేకొద్దీ సాలీళ్లు, ఇతర మిత్ర పురుగులు చచ్చి దోమ ఇంకా పెరిగింది. మనకూ తెలిసిన కథే. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగు మందులను నిషేధించింది. 1989 నుంచి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో పొలంలోనే బడి మొదలైంది. పాతిక మంది దాకా రైతులు వారానికోసారి మడిలో దిగి, మొక్కను, పురుగును, నీటిని చూసి, బొమ్మ గీసి, మందు కావాలో వద్దో తామే తేల్చుకునేవారు. శాస్త్రవేత్త పక్కనుండి ప్రశ్నలు అడిగేవాడు, అంతే. మన దగ్గర పొలంబడి అన్న పేరుతో వచ్చింది ఆ పద్ధతే. ఇప్పుడు చాలాచోట్ల అది అధికారి ఉపన్యాసంగా, ఒక ఫొటోగా మిగిలింది.

రైతు, శాస్త్రవేత్త సమాన భాగస్వాములుగా పనిచేసేలా ప్రభుత్వాలు ప్రోత్సహించాలని 2018లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన రైతు హక్కుల ప్రకటన 25వ అధికరణం చెబుతోంది. పొలంబడి పేరెత్తి మరీ చెప్పింది. మన దేశం దానికి అనుకూలంగా ఓటేసింది కూడా.

ఇవాళ ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయాన్ని చూడటానికి విదేశీ ప్రొఫెసర్లు వస్తున్నారు. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం మన రైతుల చేలల్లోనే పరీక్షలు చేసింది. రానివ్వండి, మజ్జిగ ఇచ్చి కూర్చోబెడదాం. కానీ రెండు పంటలు దెబ్బతింటే కౌలు కట్టలేని రైతు ప్రయోగానికి ఎలా ఒప్పుకుంటాడు? ఆ నష్టం ఎవరు భరిస్తారు? అప్పు, కౌలు, గిట్టుబాటు ధర లేని సుస్థిరత పాఠం సగం పాఠమే.

బీఎస్సీ చివరి ఏడాది పిల్లలు రావెప్ కింద మన ఊళ్లకు వస్తారు. మన దగ్గర నేర్చుకుని నివేదిక రాస్తారు, మార్కులు మాత్రం కాలేజీలో పడతాయి. ఆ మార్కుల్లో కొంత భాగం రైతుల చేతిలో పెట్టమని అడుగుదాం. విదేశీ విశ్వవిద్యాలయాలతో చేసుకునే ప్రతి ఒప్పందాన్నీ తెలుగులో బయటపెట్టాలి. పాఠ్యప్రణాళిక కమిటీల్లో కౌలు రైతులకు, మహిళా రైతులకు చోటివ్వాలి. కమిటీకి వచ్చిన రోజు కూలి కూడా ఇవ్వాలి, ప్రొఫెసర్‌కు భత్యం ఇస్తున్నప్పుడు మనకెందుకివ్వరు? ఖరీఫ్ దుక్కులు మొదలయ్యేలోపు జిల్లా కమిటీలు తమ దగ్గరి వ్యవసాయ కళాశాలకు వెళ్లి ఈ కోర్కెలు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవాలి.