గుడ్డకప్పు జీపులో సామాను పెట్టె



ఈ నెల వచ్చిన ఉత్తరములలో ఒకటి ఒక గ్రామ సంఘ పెద్దగారు వ్రాసినది. వారి సంఘము కొండ గ్రామాల పరిచర్య కొరకు పాత మహీంద్రా జీపు ఒకటి కొన్నది. పైన గుడ్డకప్పు, వెనుక అటొకటి ఇటొకటి బల్లలు. మైకు సెట్టు, ప్రొజెక్టరు, మందుల సంచి, పాటల పుస్తకాలు, కానుకల డబ్బా అన్నీ వెనుకనే వేసుకొని వెళ్తారు. ఒక రాత్రి కూటము ముగిసి చూసుకుంటే మైకు ఒకటి కనబడలేదు. దొంగ ఎవరో తెలియలేదు గాని జీపు నడిపే యువకుని మీద మాటలు పడ్డవి. ఆ కుటుంబము రెండు ఆదివారములు ఆరాధనకు రాలేదు. “వెనుక ఎటువంటి పెట్టె చేయించుకోవాలి?” అని వారి ప్రశ్న. ప్రశ్న పెట్టె గురించే అయినా అందులో ఒక ఇంటి మంచిపేరు ఇమిడి ఉన్నది గనుక కొంచెము వివరముగా వ్రాస్తున్నాను.

మొదట ఒక సంగతి గ్రహించాలి. గుడ్డకప్పు బండికి తాళము అన్నమాటే లేదు. తలుపుకు ఎంత మంచి తాళము వేసినా, కప్పును ఒక బ్లేడుతో కోసి చెయ్యి లోపల పెట్టవచ్చును. పాత జీపుల వెనుక తలుపు గొలుసు కొక్కెములతో నిలుస్తుంది, చిన్నపిల్లవాడు కూడా దించగలడు. 2020లో వచ్చిన కొత్త థార్‌లోనూ గుడ్డకప్పు రకము వచ్చింది. దాని వెనుక తలుపు పక్కకు తెరుచుకుంటుంది, తాళము పడుతుంది. అయినా గుడ్డ గుడ్డే. కాబట్టి భద్రత అంతా బండిలో ఉండదు, పెట్టెలోనే ఉండాలి.

పెట్టె దేనితో చేయించాలి? చెక్క పెట్టె చవక, కాని మన వానలకు ఉబ్బి మూత పట్టదు. అల్యూమినియము ఇనుములో మూడవ వంతు బరువే గాని గునపము పెట్టి ఎత్తితే వంగిపోతుంది. నా మట్టుకు ఇనుప రేకే మేలని తోస్తుంది. 16 గేజి రేకు సుమారు 1.6 మిల్లీమీటర్ల మందము ఉంటుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగుంపావు ఎత్తుగల పెట్టెకు రేకు బరువే 24 కిలోలు. మడతబందులు, యాంగిల్ కలిపితే 30 దాటవచ్చును. 18 గేజితో చేయిస్తే రేకు 18 కిలోలకు దిగుతుంది. పుస్తకాలు, పాత్రలకు అది చాలును. ప్రొజెక్టరు పెట్టేవారు ఆరు కిలోల కొరకు వెనుకాడవద్దు.

వెల్డింగు మేస్త్రికి చెప్పవలసినవి ముఖ్యముగా మూత దగ్గర ఉన్నవి. మూత అంచు అంగుళమైనా క్రిందికి మడిచి పెట్టె గోడల మీదికి దిగాలి. అప్పుడు గునపము మొన దూరదు, వాన నీరూ దిగదు. మడతబందుల చీల బయటకు కనబడితే తాళము జోలికి పోకుండానే సుత్తితో ఆ చీల కొట్టివేస్తారు. బందులు లోపలి వైపున ఉండాలి. గొళ్లెమును స్క్రూలతో బిగించనివ్వకండి, వెల్డింగు చేయించండి. తాళంకప్ప కొక్కెము పొట్టిగా ఉన్నది కొనండి. కొక్కెము చుట్టూ చిన్న ఇనుప గూడు కట్టిస్తే రంపము పెట్టుటకు చోటుండదు. పెట్టె గట్టిదైతే దొంగ తాళమును చూస్తాడు, తాళము గట్టిదైతే బందులను చూస్తాడు. మేస్త్రి వాని కంటే ముందు చూడాలి.

ఇంత చేసినా చాలామంది అసలు పని మరచిపోతారు. పెట్టెను నేలకు బిగించరు. అటువంటి పెట్టెను ఇద్దరు కలిసి ఎత్తుకొనిపోయి తీరికగా తోటలో పగలగొట్టుకుంటారు. నాలుగు మూలల 10 మిల్లీమీటర్ల బోల్టులు, జీపు నేలకు క్రింద వెడల్పాటి ఇనుప ముక్కలు వేసి బిగించాలి. ముక్కలు లేకపోతే పాత జీపు పలుచని రేకు చిరుగుతుంది. బోల్టు ఎటు వేయాలన్నది ఇంకా ముఖ్యము. గుండ్రని నున్నని తలగల బోల్టును క్రిందనుండి పైకి వేసి, నట్టు పెట్టె లోపల బిగించాలి. తిరగవేసి వేస్తే ఎవడైనా బండి క్రింద పడుకొని స్పానరుతో ఊడదీస్తాడు. రంధ్రములు వేయకముందు క్రింద పెట్రోలు టాంకు, బ్రేకు గొట్టములు, వైర్లు ఎక్కడున్నవో చూసుకోండి.

బిగించుట దొంగల కొరకు మాత్రమే కాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో వెళ్లే బండి గోడకు కొట్టుకుంటే, 20 అడుగుల ఎత్తునుండి పడినట్టే. ఆ క్షణములో వదులుగా ఉన్న 30 కిలోల ఇనుప పెట్టె ముందు కూర్చున్న పాస్టరమ్మగారి వీపు మీదికి వస్తుంది. కొండ దారిలో జీపు బోల్తాపడితే చెప్పనక్కరలేదు, పైన గుడ్డే గదా.

ఎక్కడ పెట్టాలన్న విషయములో అభిప్రాయ భేదములున్నవి. బల్లల క్రింద పెట్టిస్తే కనబడదు, కాళ్లకు అడ్డము రాదు. అయితే చక్రముల ఉబ్బు తీసివేయగా మిగిలే చోటు వైర్లకు, పనిముట్లకు చాలుతుంది గాని ప్రొజెక్టరుకు చాలదు. ముందు సీట్ల వెనుక అడ్డముగా పెట్టించుట నాకు నచ్చుతుంది. బరువు వెనుక ఇరుసుకు ముందు పడుతుంది, డ్రైవరు దృష్టిలో ఉంటుంది, వెనుకనుండి చెయ్యి అందదు. వెనుక తలుపు దగ్గరే పెట్టవలసివస్తే, ఆ తలుపు తెరిస్తే తప్ప పెట్టె తెరుచుకోని విధముగా చేయించండి. తాళముగల కొత్త బండ్లకు ఇది బాగా కుదురుతుంది. రంగు మాత్రము జీపు రంగే వేయించండి. ఎర్రరంగు వేసి సంఘము పేరు పెద్ద అక్షరములతో వ్రాయించుట పెట్టెలో విలువైనవి ఉన్నవని చాటించుటే. బల్లలు ఊడదీసి చోటు చేసుకుందామనుకునేవారికి ఒక హెచ్చరిక. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను కాగితములలోని వివరములకు భిన్నముగా బండిని మార్చకూడదు. సీట్ల సంఖ్య ఆ వివరములలో ఒకటి.

పెట్టెలో పెట్టకూడనివి మూడు. జనరేటరు పెట్రోలు డబ్బా మొదటిది. ఆవిరి మూసిన పెట్టెలో నిండి ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. రెండవది ఇన్సులిను వంటి చల్లగా ఉంచవలసిన మందులు. వాడకముందు వాటికి 2 నుండి 8 డిగ్రీల చల్లదనము కావాలి, ఎండలో నిలిచిన ఇనుప పెట్టె పొయ్యి వంటిది. మూడవది కానుకల సొమ్ము. రాజుల రెండవ గ్రంథము 12వ అధ్యాయములో యాజకుడైన యెహోయాదా మూతకు రంధ్రము చేసి పెట్టె పెట్టించినప్పుడు, సొమ్ము ఎక్కువైనప్పుడెల్లా రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కించేవారు. కూటము ముగిసిన వెంటనే ఇద్దరు లెక్కించి, చీటీ వ్రాసి, సొమ్ము మనిషి చేతనే వెళ్లనివ్వండి.

ఎజ్రా గ్రంథము 8వ అధ్యాయము కూడ ఒకసారి ఇంటిలో చదువుకోండి. బబులోనునుండి యెరూషలేముకు వెండి బంగారములు, పాత్రలు తీసుకొనిపోవునప్పుడు ఎజ్రా రాజును సైనికులను అడుగుటకు సిగ్గుపడి ఉపవాస ప్రార్థన చేశాడు. ప్రార్థించినవాడే ప్రతి వస్తువును తూచి పన్నెండుగురు యాజకులకు అప్పగించాడు. చేరిన తరువాత నాలుగవ దినమున మరల తూచి, లెక్క వ్రాసిపెట్టారు. ఆ తూనిక వలన దారిలో మోసినవారి మీద ఎవరూ వేలు చూపుటకు వీలులేకపోయింది. మన జీపు నడిపే పిల్లలకు ఆ రక్షణ ఎందుకు ఇవ్వకూడదు? మూత లోపలి వైపు సామాను జాబితా అంటించండి. బయలుదేరేటప్పుడు ఇద్దరు చూసి సంతకము చేయాలి, తిరిగి వచ్చాక అదే ఇద్దరు చూడాలి. తాళపుచెవి ఒకటి డ్రైవరు దగ్గర, రెండవది సంఘ కోశాధికారి దగ్గర. మూడవది ఉండకూడదు. పోయిన వస్తువు గురించి మాట్లాడవలసివస్తే ఆ కాగితము ముందు పెట్టుకొని పెద్దల మధ్య మాట్లాడండి, బావి దగ్గర కాదు.

రాత్రి జీపు సంఘ ఆవరణలో ఉంటే పెట్టె ఖాళీ చేయండి. ఖాళీగా ఉన్న బండికి గుడ్డకప్పు గుండీలు బిగించి దాచవద్దు. లోపల ఏమీ లేదని బయటికి కనబడనివ్వండి. అమెరికాలో ఇటువంటి జీపులున్నవారిలో చాలామంది తలుపులకు తాళము కూడా వేయరు. కోసిన కప్పు కుట్టించే ఖర్చు దొంగకు దొరికేదానికంటె ఎక్కువని వారి లెక్క. బండి భీమా ఉన్నది గదా అనుకోవద్దు, సాధారణముగా అది లోపలి సామానుకు వర్తించదు.

పెట్టె అడుగున నాలుగు చిన్న రంధ్రములు, క్రింద రబ్బరు ముక్కలు పెట్టిస్తే నీరు నిలిచి తుప్పు పట్టదు. కొత్తగా బిగించిన తరువాత రెండు మూడు ప్రయాణములు కాగానే బోల్టులు మరల బిగించండి, కంకర రోడ్డుకు అవి వదులవుతవి. వానాకాలము వెళ్లగానే పెట్టె విప్పి నేల రేకును చూసి, తుప్పు ఉంటే గీకి రంగు వేయించండి.