రక్తపరీక్ష ఉచితమే.. మాట్లాడేది ఏ భాషలో?

హెచ్‌ఐవీ పరీక్షకు పైసా ఖర్చు లేదు. మందులకూ లేదు. బళ్లారిలో అయినా, బరంపురంలో అయినా, షోలాపూర్‌లో అయినా ప్రభుత్వ పెద్దాసుపత్రి గడప తొక్కితే చాలు. ఇంతవరకు అంతా బాగానే ఉంది. చిక్కల్లా గడప తొక్కిన తర్వాతే. కౌన్సెలర్ తలుపు దగ్గరకు వేసి అడిగే ప్రశ్నలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటాయి. మన జవాబులు తెలుగులో ఉంటాయి. మధ్యలో ఎవరో ఒకరు నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పాలి. ఆ ఒకరు బడికెళ్లే కొడుకో, పక్కింటావిడో, పనికి కుదిర్చిన మేస్త్రీయో అవుతారు. రహస్యం ఆసుపత్రి కాగితాల్లోంచి బయటకు రాకపోయినా ఇక్కడ్నుంచి వచ్చేస్తుంది.

‘మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నాం, ఇక్కడి భాష మాకు రాదా?’ అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, వచ్చు. సంతలో బేరమాడటానికి, బస్సు కండక్టరుతో చిల్లర కోసం గొడవ పడటానికి, తాలూకా ఆఫీసులో అర్జీ పెట్టుకోవడానికి సరిపడా వచ్చు. కానీ బజారు భాష వేరు, ఒంటి బాధ చెప్పుకునే భాష వేరు. తెల్లబట్ట అవుతోందని మన ఆడవాళ్లు చెప్పే మాటను కన్నడంలో ‘బిళి సెరగు’ అంటారు. తమిళంలో ‘వెళ్లైపడుదల్’. ఇరవై ఏళ్లు బళ్లారిలో కాపురం చేసినా ఆ మాట నోట పలకాల్సిన అవసరమే రాని ఆడవాళ్లు ఉంటారు. మగవాళ్ల సంగతీ అంతే. సెగ, సవాయి అని పెద్దవాళ్లు చెప్పుకునే జబ్బుల పేర్లు కౌన్సెలరుకు తెలియవు. ఆయన చెప్పే పేర్లు వీళ్లకు తెలియవు. చివరకు ‘ఏం లేదు సార్, కాస్త నీరసం’ అని బలం మాత్రలు తీసుకుని ఇంటికొచ్చేస్తారు.

బోర్డు దగ్గర నుంచే తికమక మొదలు. తమిళనాడులో పరీక్షా కేంద్రానికి ‘నంబిక్కై మైయం’ అని పేరు. అంటే నమ్మకం కేంద్రం. కర్ణాటకలో ‘ఆప్త సమాలోచన’ అంటారు. పేర్లు మంచివే. జబ్బు పేరు పెద్దక్షరాల్లో కనబడకపోతే లోపలికి వెళ్లేవాళ్లకు కొంత బెరుకు తగ్గుతుంది. కానీ మన చెవికి సమాలోచన అంటే సభ, సమావేశం. ఓపీ చీటీ చేతిలో పెట్టుకుని ఏ తలుపు తట్టాలో తెలియని మనిషి ఎవరినని అడుగుతాడు? ‘హెచ్‌ఐవీ పరీక్ష ఎక్కడ?’ అని వరండాలో నలుగురి మధ్య గట్టిగా అడగలేడు కదా.

తెలియనివాళ్లే ఎక్కువ బాకీ

ఇదేదో చిన్న అసౌకర్యం కాదు. లెక్కలు చూస్తే తెలుస్తుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2023 అంచనాల ప్రకారం దేశంలో 25 లక్షల మందికి పైగా హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. ఏటా కొత్తగా సోకుతున్నవాళ్లు 66 వేలకు పైమాటే. 2025కల్లా మూడు ‘95’లు సాధించాలన్నది అప్పట్లో పెట్టుకున్న లక్ష్యం. సోకినవాళ్లలో నూటికి 95 మందికి ఆ సంగతి తెలియాలి, తెలిసినవాళ్లలో 95 శాతం మంది మందులు వాడాలి, వాడేవాళ్లలో 95 శాతం మందికి వైరస్ అణగాలి. 2023-24 నాటికి దేశం చేరుకున్నది 81, 88, 97. మందు వేసుకుంటున్నవాళ్ల దగ్గర ఫలితం లక్ష్యాన్ని దాటింది. వెనకబడింది మొదటి మెట్టు దగ్గర. నూటికి 19 మంది తమకు సోకిన సంగతే తెలియకుండా తిరుగుతున్నారు. అంటే లోపం మందులో లేదు, పరీక్ష దాకా మనిషిని తీసుకురావడంలో ఉంది. మనిషిని తీసుకొచ్చేది మాటే.

రాష్ట్రాలవారీగా చూస్తే మనవైపు భయం ఎక్కువే. 2021 అంచనాల్లో దేశ సగటు 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47, కర్ణాటకలో 0.46. ఈశాన్య రాష్ట్రాలను పక్కన పెడితే మొదటి వరుసలో ఉన్నవి ఇవే. పనికి, పెళ్లికి, పండక్కి ఈ రాష్ట్రాల మధ్య అటూ ఇటూ తిరిగేది మనమే.

కౌన్సెలింగ్ అంటే నాలుగు మంచి మాటలు చెప్పి పంపడం అనుకుంటే పొరపాటు. పరీక్షలో నెగెటివ్ వచ్చిందంటే ‘ఏమీ లేదు’ అని ప్రతిసారీ అర్థం కాదు. సోకిన కొత్తలో పరీక్షకు దొరక్కపోవచ్చు, అనుమానం ఉంటే మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. ఈ ఒక్క ముక్క అర్థం కాకపోతే ఆ కాగితమే యోగ్యతాపత్రం అయిపోతుంది. గర్భిణికి హెచ్‌ఐవీతో పాటు సవాయి (సిఫిలిస్) పరీక్ష కూడా చేస్తారు. తల్లికి హెచ్‌ఐవీ ఉండి ఏ మందూ వాడకపోతే బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. తల్లి మందు వేసుకుని, పుట్టిన వెంటనే బిడ్డకూ మందు పోస్తే అది 5 కంటే తక్కువకు దిగుతుంది. ఆరు వారాలకు బిడ్డ రక్తపు చుక్క తీసి పరీక్షకు పంపాలి. ఇన్ని సంగతులు, ఇన్ని తేదీలు. వచ్చీరాని భాషలో విని తల ఊపి వచ్చిన బాలింత వీటిలో ఎన్ని గుర్తుపెట్టుకుంటుంది? అందులోనూ కాన్పుకి పుట్టింటికి, అంటే సరిహద్దు దాటి వెళ్లిపోతే?

చట్టంలో ఉన్న మాట

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టాన్ని పార్లమెంటు 2017లో ఆమోదించింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. మనిషి సమ్మతి లేనిదే పరీక్ష చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని అందులో ఉంది. ఉద్యోగంలో, బడిలో, అద్దె ఇంటి దగ్గర వివక్ష చూపరాదనీ ఉంది. ఇవి పేపర్లలో వచ్చిన విషయాలే. రానిది ఒకటుంది. సమ్మతి అంటే ఏమిటో చెప్పే చోట, పరీక్ష వల్ల మంచి ఏమిటి, చెడు ఏమిటి అన్నది ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రీతిలో చెప్పిన తర్వాత తీసుకున్నదే సమ్మతి అని చట్టం అంటోంది. ‘రాష్ట్ర అధికార భాషలో’ అనలేదు. ఆ మనిషికి అర్థమయ్యే భాషలో అంది.

అంటే రాయచూరులో తెలుగు మనిషికి కన్నడంలో గబగబా చదివి వినిపించి వేలిముద్ర వేయించుకుంటే అది చట్టం చెప్పిన సమ్మతి కాదు. హోసూరులో తమిళ కాగితం మీద సంతకం పెట్టించుకున్నా అంతే. దీన్ని పట్టుకుని కౌన్సెలర్ల మీద పోట్లాటకు దిగమని కాదు. ఒక్కో కౌన్సెలర్ మీద పడే పని తక్కువేం కాదు. కానీ అడగడానికి మనకో ఆధారం ఉంది. చట్టప్రకారం ప్రతి రాష్ట్రంలో ఫిర్యాదులు వినడానికి అంబుడ్స్‌మన్ ఉండాలి. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. అయితే ఇదే చట్టంలో మందుల దగ్గరకొచ్చేసరికి ప్రభుత్వాలు ‘వీలైనంత వరకు’ అందించాలి అన్న మాట చేరింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల సంఘాలు అప్పుడే దీన్ని తప్పుపట్టాయి. 2022లో మందుల కొరత వచ్చి ఢిల్లీలో నాకో ఆఫీసు ముందే రోజుల తరబడి ధర్నా చేయాల్సి వచ్చినప్పుడు ఆ మాట బరువెంతో తెలిసింది.

పెద్దాసుపత్రికి భాష అడ్డమైతే, దొంగ వైద్యుడికి ఆ అడ్డమే లేదు. బస్టాండు గోడల మీద ‘గుప్తరోగాలకు గ్యారంటీ చికిత్స, ఫలానా లాడ్జి, ఫలానా రూము, ప్రతి నెలా ఫలానా తేదీ’ అన్న రాతలు చూడనివాళ్లెవరు? సరిహద్దు ఊళ్లలో ఆ రాతలు రెండు భాషల్లో ఉంటాయి. వ్యాపారం తెలిసినవాడు కదా మరి! ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధులకు ‘సురక్ష క్లినిక్’ అని విడిగా ఉంది. లక్షణాన్ని బట్టి రంగురంగుల పెట్టెల్లో మందులు ఉచితంగా ఇస్తారు. స్రావానికి ఒక రంగు, పుండుకు ఒక రంగు. భార్యాభర్తలిద్దరూ వాడాలని చెబుతారు. లాడ్జి డాక్టరు ఆ చివరి మాట మాత్రం చెప్పడు. చెబితే గిరాకీ మళ్లీ రాదు. పైగా పుండు, స్రావం ఉన్నప్పుడు హెచ్‌ఐవీ అంటుకోవడం మరింత సులువు.

సరిహద్దు దాటేది ఎందుకంటే..

ఇప్పుడు రెండో సంగతి. భాష కోసం కొందరు, తెలిసినవాళ్లు చూస్తారన్న భయంతో ఇంకొందరు పరీక్షకూ మందులకూ అవతలి రాష్ట్రానికి వెళ్తారు. బళ్లారి నుంచి అనంతపురానికి, బరంపురం నుంచి శ్రీకాకుళానికి, యానాం నుంచి కాకినాడకు. యానాంవాళ్లకైతే పాలన పుదుచ్చేరిది, చుట్టూ ఉన్నది ఆంధ్ర. దగ్గరి పెద్దాసుపత్రి కాకినాడే. దీన్ని తప్పనలేం. ఊళ్లో పరువు కాపాడుకోవాలనుకోవడం నేరం కాదు. కానీ ఈ మందు ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలి. బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి, ఇంట్లో చెప్పాల్సిన అబద్ధం.. ఇవి ప్రతిసారీ ఉంటాయి. మొదట రెండు రోజులు ఆలస్యం, తర్వాత వారం, తర్వాత మానేయడం. మధ్యలో ఆపితే వైరస్ మందుకు లొంగకుండా తయారవుతుంది. రోజుకో మాత్రతో సరిపోయే వైద్యం కాస్తా రెండో వరుస మందుల దాకా పోతుంది. అదే క్రమం తప్పకుండా వాడి, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడనంతగా అణిగితే ఆ మనిషి నుంచి జీవిత భాగస్వామికి లైంగికంగా సోకదు. ఈ మాట ఎంతమందికి తెలుగులో అందిందో ఆలోచించాలి. 2000ల మొదట్లో ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న ప్రచారం తెలుగువాళ్ల నోళ్లలో ఎంతగా నానిందో గుర్తుండే ఉంటుంది. పరీక్ష, మందు ఇంత మారాక ఆ స్థాయి ప్రచారం మళ్లీ మన చెవిన పడలేదు.

2004 ఏప్రిల్ 1న కేంద్రం ఉచిత మందులు మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తమ్మీద ఎనిమిది కేంద్రాలే. అప్పుడు దూరం తప్పనిసరి. ఇప్పుడు మన సరిహద్దు జిల్లాల పెద్దాసుపత్రుల్లో చాలావాటిలో ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి. దూరం మనం ఎంచుకుంటున్నదే. 2020 లాక్‌డౌన్‌లో సరిహద్దులు మూసినప్పుడు మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వాలని, ఎవరు ఎక్కడ చిక్కుకుంటే దగ్గరి కేంద్రంలోనే ఇవ్వాలని నాకో చెప్పింది. అప్పుడు సాధ్యమైనది మామూలు రోజుల్లో ఎందుకు కష్టం? మందు కేంద్రానిది, పథకం కేంద్రానిది. చూపించాల్సింది ఒక పుస్తకం.

డబ్బు విషయంలో మాత్రం సరిహద్దు గట్టిగానే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లకు 2024 జూలై నుంచి నెలకు 4 వేల రూపాయల పింఛను. ఒడిశాలో మధుబాబు పింఛను పథకంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు చోటుంది. ఏ రాష్ట్రం డబ్బు ఆ రాష్ట్రంవాళ్లకే. అందుకే ఓటు ఒకచోట, బియ్యం కార్డు ఇంకోచోట పెట్టుకుని తిరిగేవాళ్లు రెండు వైపులా అర్హత పోగొట్టుకునే ప్రమాదం ఉంది. పర్లాకిమిడి, గుణుపురం వైపువాళ్లు ముందు తమ బ్లాకు ఆఫీసులోనే అడిగి చూడటం మంచిది.

చేయగలిగింది లేకపోలేదు. భాషాపరమైన అల్పసంఖ్యాకులకు ఇచ్చిన రక్షణల్లో జిల్లాలో గానీ, అంతకంటే చిన్న ప్రాంతంలో గానీ 15 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రకటనలు వేయాలన్నది ఒకటి. తెలుగు సంఘాలు దీన్ని బడుల కోసం, బోర్డుల కోసం అడిగాయి. ఆసుపత్రి కౌన్సెలింగ్ గది కోసం అడిగే ఆలోచన చేసినట్టు లేదు. ఉగాది సభలకు చందాలు పోగుచేసే సంఘం జిల్లా ఎయిడ్స్ నియంత్రణ అధికారికి ఒక అర్జీ ఇవ్వడం పెద్ద పనా? ‘మన పేరుకి మచ్చ’ అన్న సంకోచమే అడ్డం. బళ్లారి, రాయచూరు, కోలారు, కృష్ణగిరి, రాయగడ లాంటి చోట్ల రెండు భాషలు వచ్చిన ఒక కౌన్సెలరును అడగొచ్చు. అది వెంటనే కుదరకపోతే, హెచ్‌ఐవీతో జీవిస్తూ మందు వాడుతున్న తెలుగు మనిషిని తోడుగా కూర్చోబెట్టొచ్చు. పాజిటివ్ వ్యక్తుల సంఘాలు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని అదే. 1998లోనే చెన్నైలో హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లు సొంతంగా సంఘం పెట్టుకున్నారు. తోటి మనిషి చెప్పినప్పుడు కలిగే ధైర్యం గోడ మీద పోస్టరు ఇవ్వలేదు.

అంతవరకు ఎవరి జాగ్రత్త వాళ్లది. 1097కి ఫోన్ చేస్తే పైసా పడదు, పేరు చెప్పనక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. దుబాసీ కావాలనుకుంటే కన్నబిడ్డను కాకుండా ఆసుపత్రి నర్సునో, ఆశా కార్యకర్తనో అడగాలి. వాళ్లు గుట్టు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది. ఊరు మారినా, కాన్పుకి వెళ్లినా, పనికోసం భివండీ పోయినా ముందుగా ఇక్కడి కేంద్రంలో చెప్పి బదిలీ కాగితం రాయించుకోవాలి. అది చూపిస్తే అవతలి కేంద్రంలో మందు ఆగదు. ఆ కేంద్రం ఇచ్చిన ఆకుపచ్చ పుస్తకాన్ని మాత్రం ఎవరో చూస్తారని పారేయకూడదు. ఎప్పుడు మొదలుపెట్టారు, ఏ మందు వాడారు, పరీక్షల్లో ఏమొచ్చింది అన్నది కొత్త డాక్టరుకు చెప్పేది అదే.