పోయిన నియోజకవర్గం – మిగిలిన లెక్క

ఓటు విలువైనదని చిన్న తరగతుల నుంచీ చదువుతూనే ఉన్నాం. కాని ఆ ఓటు ఏ గీత లోపల పడుతున్నది, ఆ గీత మారితే మన ఓటు గతి ఏమిటి అన్న ప్రశ్న మనలో ఎంతమందిమి వేసుకున్నాం? బి.ఎస్సీ. చదివేవాడికి రాజకీయాలెందుకని కొందరు మిత్రులు నవ్వవచ్చు. అయినా వ్యవసాయదారుని కొడుకును. గట్టు జరిగితే ఏమవుతుందో పుస్తకం చదవకుండానే తెలుసు.

మాది బసంత్‌నగర్ దగ్గర పల్లె. మా పొలంలో నిలబడితే సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడుతుంది. పెద్దపల్లిలో రైలెక్కి, జమ్మికుంట మీదుగా కాజీపేటలో దిగి, హన్మకొండకు చదువుకోను వచ్చిన. వచ్చినంక తెలిసిన సంగతి ఒకటి నన్ను ఆశ్చర్యపరిచింది. మా ఊరు ఒకప్పుడు ఉన్న మేడారం అసెంబ్లీ నియోజకవర్గం ఇప్పుడు లేదు. నేను చదువుకుంటున్న హన్మకొండ పేరిట ఉన్న లోక్‌సభ నియోజకవర్గమూ లేదు. రెండూ ఒకే పునర్విభజనలో, 2008లో, పోయినయి. (మేడారమంటే సమ్మక్క జాతర జరిగే మేడారం కాదు, మా ధర్మారం మండలంలోని మేడారం.)

ముందు హన్మకొండ సంగతి చూద్దాం. 1977లో మొదటి ఎన్నిక, 2008లో చివరిది. తొమ్మిది సాధారణ ఎన్నికలు, ఒక ఉప ఎన్నిక, మొత్తం పది. ప్రయోగశాలలో పది రీడింగులు తీసుకున్నట్టే వాటిని నోటుబుక్కులో వరుసగా రాసుకున్న.

1977, 1980లలో పి.వి. నరసింహారావు, కాంగ్రెస్. 1984లో చందుపట్ల జంగారెడ్డి, భారతీయ జనతా పార్టీ. 1989, 1991, 1996లలో కమాలుద్దీన్ అహ్మద్, కాంగ్రెస్. 1998, 1999లలో చాడ సురేశ్‌రెడ్డి, తెలుగుదేశం. 2004లోనూ, 2008 ఉప ఎన్నికలోనూ బి. వినోద్‌కుమార్, తెలంగాణ రాష్ట్ర సమితి. ముప్పై ఒక్క ఏండ్లలో అయిదుగురు మనుషులు, నాలుగు పార్టీలు. ఎవరికీ పట్టా రాసియ్యలేదు ఈ ఓటర్లు.

ఈ పదింటిలో దేశమంతా చెప్పుకున్నది 1984 ఎన్నిక. పి.వి. సామాన్యుడా? మాకు దగ్గరి మంథని నుంచి 1957 మొదలు నాలుగుసార్లు శాసనసభకు గెలిచినవాడు, ముఖ్యమంత్రి చేసినవాడు, ఆనాటికి కేంద్రమంత్రి. సొంతూరు వంగర ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఎదుట నిలబడ్డ జంగారెడ్డి ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడు, పరకాల, శాయంపేటల నుంచి శాసనసభకు గెలిచినవాడు. ఇందిరాగాంధీ హత్య తర్వాత వచ్చిన ఆ ఎన్నికలో దేశమంతా కాంగ్రెస్‌కు 400కు పైగా సీట్లిచ్చింది. ఇక్కడ మాత్రం ఆగస్టులో ఎన్.టి. రామారావును గద్దె దింపిన కోపం ఇంకా చల్లారలేదు. తెలుగుదేశం, బి.జె.పి. పొత్తులో ఉన్నయి. జంగారెడ్డి 54 వేల పైచిలుకు ఓట్లతో గెలిచిండు. ఆ ఏడు బి.జె.పి.కి దేశం మొత్తం మీద వచ్చినవి రెండే సీట్లు: గుజరాత్‌లో మెహసానా, మన హన్మకొండ.

మా సీనియర్లు ఈ ముచ్చట చెప్పి, "చూసినవా, ఓటరు తలుచుకుంటే ఎంతటివాడైనా ఇంటికే" అంటారు. నిజమే. కాని కథ అక్కడితో అయిపోలేదు. పి.వి. అదే ఎన్నికలో మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా నిలబడి గెలిచిండు, మళ్ళీ కేంద్రమంత్రి అయిండు. 1991లో ప్రధానమంత్రి అయినంక నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు పోయిండు. హన్మకొండ కాదన్నా ఆయనకు వేరే తోవ దొరికింది. నాయకునికి ఒక నియోజకవర్గం కాకపోతే ఇంకొకటి. అట్లనే 2008లో ఇక్కడి సీటు పోతే వినోద్‌కుమార్ కరీంనగర్‌కు పోయి, 2009లో ఓడి, 2014లో గెలిచిండు. మేడారంలో 2004లో గెలిచిన కొప్పుల ఈశ్వర్ 2009లో ధర్మపురికి పోయి గెలిచిండు. ఇందులో వారి తప్పేమీ లేదు. నేను అడిగేది ఒక్కటే: నాయకుడు కొత్త సీటుకు పోతడు, ఓటరు ఎటు పోవాలె?

మా ఊరి సంగతి చెప్తా. పొలాలకు పొయ్యే తోవలో ఒక వాగున్నది. వానకాలం ఎరువు బస్తా నెత్తిన పెట్టుకొని మోకాలి లోతు నీళ్ళల్ల దాటాలె. మేడారం నియోజకవర్గం ఉన్న రోజుల్లో, ఒక ఎన్నికలప్పుడు, ఒక అభ్యర్థి వాగు మీద చిన్న వంతెన కట్టిస్తనని గద్దె మీద కూసొని మాట ఇచ్చిండట. మాట ఇచ్చినాయన గెలువలేదు, గెలిచినాయన మాట ఇయ్యలేదు. తర్వాతి ఎన్నికలప్పుడు అడుగుదాం అనుకునేసరికి నియోజకవర్గమే మారింది. 2009లో మేము రామగుండంలో పడ్డం. వచ్చిన కొత్త అభ్యర్థులకు గోదావరిఖని బాయిలు, కార్మికుల క్వార్టర్లు తెలుసు, మా వాగు తెలువదు.

మొన్న సెలవులకు పోయినప్పుడు బాపును అడిగిన, "బాపూ, ఆ వంతెన ముచ్చట మళ్ళ ఎవరినన్న అడిగినవా?" అని.

"ఎవల్ని అడుగాలె బిడ్డా? అప్పుడు మనది మేడారం అన్నరు, ఇప్పుడు రామగుండం అంటున్నరు. వాగు మాత్రం ఆడ్నే ఉన్నది" అన్నడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

అయితే గీతలు మార్చనే వద్దని నా వాదన కాదు. జనాభా పెరిగే చోట పెరుగుతుంది, తగ్గే చోట తగ్గుతుంది. బొగ్గు బాయిలు, కరెంటు ఫ్యాక్టరీ వచ్చి ఊరికి ఊరే పట్నమైన రామగుండానికి సొంత పేరున ఒక సీటు ఉండడం న్యాయమే. 2001 జనాభా లెక్కల ఆధారంగా జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ చేసిన పని అదే. మేడారం ఎస్సీ రిజర్వుడు సీటు. రామగుండం జనరల్ అయింది, ధర్మపురి రిజర్వుడు అయింది. వరంగల్ లోక్‌సభ కూడా ఎస్సీ రిజర్వుడు అయింది. ఒక మనిషికి ఒక ఓటు, ఆ ఓటుకు సమాన విలువ అన్న సూత్రానికి కొలతలు అప్పుడప్పుడు సరిచేయక తప్పదు.

కాని భూమి కొలిచినప్పుడు పాత పహాణీని చింపి పారేస్తరా? కొత్తదాంట్లో పాత వివరం ఎక్కిస్తరు. నియోజకవర్గానికి మాత్రం పహాణీ లేదు. ఎవరు గెలిచిండ్రో ఎన్నికల కమిషన్ పుస్తకాల్లో ఉంటది. ఏమని చెప్పి గెలిచిండ్రో ఎక్కడా ఉండదు. పేరు పోంగనే మాట పోతున్నది, అడిగే హక్కు సన్నగిలుతున్నది.

రేపు మళ్ళీ గీతలు మారే రోజు వస్తుంది. తెలంగాణ శాసనసభ సీట్లను 119 నుంచి 153కు పెంచాలని 2014 పునర్విభజన చట్టంలోనే రాసి ఉన్నది. అప్పుడు మన ఊళ్ళు ఏ పేరు కిందికి పోతయో ఎవరికెరుక? అందుకే మిత్రులకు నాదొక చిన్న సూచన. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు కొనండి. మీ ఊరు ఇంతవరకు ఏయే నియోజకవర్గాల్లో ఉన్నది, ఎవరెవరు గెలిచిండ్రు, ఊరికి ఏమి చెప్పిండ్రు, ఏమి అయింది, ఏమి కాలేదు అని పెద్దమనుషులను అడిగి రాయండి. ఏ పార్టీని తిట్టవద్దు, ఏ పార్టీని పొగడవద్దు. లెక్క మాత్రం రాయండి. దాన్ని గ్రామపంచాయతీలో పెట్టండి. కొత్త అభ్యర్థి ఏ పేరు గల నియోజకవర్గం నుంచి వచ్చినా ఆ పుస్తకం ముందు పెట్టి మాట్లాడమనండి.

2024 లోక్‌సభ ఎన్నికల్లో నేను మొదటిసారి ఓటేసిన. వేలి మీద సిరా నెల తిరగకముందే పోయింది. మా ఊరి నోటుబుక్కు మాత్రం మొదలుపెట్టిన. మొదటి పేజీలో మేడారం అని రాసిన, దాని కింద వాగు సంగతి రాసిన.