చూరు దగ్గరే హంసపాదు!

పెంకుటింట్లో చినుకు కారిందంటే అందరి చూపూ నడికొప్పు మీదికే పోతుంది. పగిలిన పెంకు ఎక్కడుందా అని పైన వెతుకుతారు. నాలుగు పెంకులు మారుస్తారు. అయినా మళ్లీ వాన రాగానే చూరు వెంట గోడ చెమ్మగిల్లుతుంది. అలాంటప్పుడు చూడాల్సింది పైన కాదు, అట్టడుగు వరుసను. ఇంటికి పునాది నేలలో ఉంటే, కప్పుకు పునాది చూరు దగ్గరే ఉంటుంది మరి!

మనవాళ్లు బంగాళా పెంకు అని పిలిచేది మంగళూరు పెంకునే. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టి దీన్ని తయారుచేయడం మొదలుపెట్టారు. ఈ పెంకు పై అంచు అడుగున ఉండే ముక్కులు రీపరును పట్టుకుంటాయి. కింది అంచేమో తన దిగువనున్న పెంకు మీద ఆనుతుంది. ఇలా ప్రతి వరుసా కింది వరుస భుజాన వాలుతుంది. చిట్టచివరి వరుసకు మాత్రం ఆ ఆసరా లేదు. దాని కింద మరో పెంకు ఉండదు కదా!

అందుకే చూరు చివర కొట్టే రీపరు మిగతావాటికన్నా ఒక పెంకు మందమంత ఎత్తుగా ఉండాలి. అన్నీ ఒకే మందంవి కొట్టేస్తే చివరి వరుస ముందుకు తలవాలుస్తుంది. దాని మీద రెండో వరుస సరిగ్గా కూర్చోదు. మధ్యలో సందు పడుతుంది. ఈదురుగాలికి జల్లు అందులోంచే లోపలికి కొడుతుంది. ఎలుకలకూ ఉడతలకూ అదే దారి. పోనీ అని మరీ ఎత్తు చేస్తే ఇంకో చిక్కు. అక్కడ వాలు తగ్గి నీళ్లు నెమ్మదిస్తాయి, గాలి కింద దూరి పెంకును లేపుతుంది. తుపాను గాలి ముందుగా పట్టుకునే చోట్లలో చూరు ఒకటి.

సరైన ఎత్తు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. చూరు రీపరుకు మేకులు పూర్తిగా దిగ్గొట్టకముందే కింది నుంచి మూడు వరుసల్లో ఒక్కో పెంకు పేర్చి చూడాలి. వాటి మీద తిన్నని బద్ద ఆనించాలి. మూడు పెంకుల కింది అంచులూ బద్దకు తగిలితే సరే. చివరిది తగలకపోతే రీపరు కింద పలచని చెక్క వేయాలి. అదొక్కటే తగిలి పైవాటి దగ్గర సందు కనిపిస్తే రీపరును తగ్గించాలి. సిమెంటు ముద్ద పెట్టి సరిచేద్దామనుకోవద్దు. కొన్నాళ్లకు అది పగులుతుంది, తడిని కర్రకు అంటిపెట్టి ఉంచుతుంది.

ఇంకో సంగతి. చివరి పెంకు చూరు పలకను దాటి రెండంగుళాలైనా బయటికి రావాలి. లేకుంటే నీటిబొట్టు కింద పడకుండా కర్ర వెంట వెనక్కి పాకుతుంది. వాసాల కొసలు పుచ్చిపోయేది ఇలాగే. అన్నీ కుదిరాక ఈ వరుసను తీగతో కట్టించడం మరవొద్దు. తీగ కోసం చిల్లున్న ముక్కు కొన్ని పెంకుల అడుగున ఉంటుంది.

ఇప్పుడు డాబాల మీద, ఫామ్‌హౌస్‌లలో ఇనుప గొట్టాల మీద పెంకులు పరిపిస్తున్నారు. కర్రకు వర్తించిన సూత్రమే ఇనుముకూ వర్తిస్తుంది. అన్ని గొట్టాలూ ఒకే సైజువి వేసేస్తే చివరి వరుస ఇక్కడా తలవాలుస్తుంది. కర్రయితే మేకు పీకి సరిచేయొచ్చు, వెల్డింగ్ పెట్టాక కోయించాల్సిందే. కాబట్టి పని మొదలయ్యే రోజునే మేస్త్రీని బద్ద పెట్టి చూపించమనండి. కప్పంతా పరిచాక చూరు సరిచేయాలంటే పైవరుసలూ కదిలించాల్సి వస్తుంది. ముందే చూసుకుంటే పావుగంట పని!