కుష్ఠు: కోర్సు ముగిశాక మొదలయ్యే కష్టం

కుష్ఠు వ్యాధికి మందు ఉంది. 1995 నుంచి ప్రపంచమంతా ఉచితంగా అందుతోంది. రిఫాంపిసిన్ ఒక్క మోతాదుకే ఒంట్లోని సూక్ష్మజీవుల్లో అత్యధిక భాగం నశిస్తుంది. ఆ తర్వాత రోగి నుంచి ఇతరులకు సోకే ప్రమాదం దాదాపు ఉండదు. అయినా ప్రపంచంలో ఏటా నమోదయ్యే కొత్త కేసుల్లో సగానికి పైగా, అంటే లక్షకు పైబడి, మన దేశంలోనివే. లోపం మందులో లేదు. చికిత్స ఎక్కడ ముగుస్తుందో మనం గీసుకున్న గీతలో ఉంది.

ఒకప్పుడు చాల్‌మొగ్ర నూనె ఇంజెక్షన్లే దిక్కు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి ఆసుపత్రికి ఆ వైద్యంతోనే పేరొచ్చింది. 1941లో అమెరికాలోని కార్‌విల్‌లో ప్రోమిన్ అనే మందు ఫలితమిచ్చింది. దాని వెనకే చవకైన డాప్సోన్ మాత్ర వచ్చింది. ఆ ఒక్క మాత్రనే ఏళ్ల తరబడి, కొందరికి జీవితాంతం మింగించారు. సూక్ష్మజీవి దానికి లొంగడం మానేసిందని 1964లో మలేసియా రోగుల నమూనాలతో రుజువైంది. అందుకే 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు మందులు కలిపి ఇమ్మన్నారు. రిఫాంపిసిన్ నెలకోసారి ఆరోగ్య కార్యకర్త ఎదుటే మింగాలి. డాప్సోన్, క్లోఫాజిమిన్ రోజూ ఇంట్లో వేసుకోవాలి. ఈ చికిత్స మొదట అందిన జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి.

క్లోఫాజిమిన్‌తో ఒళ్లు నల్లబడుతుంది. మానేశాక కొన్ని నెలలకు ఆ రంగు తగ్గిపోతుంది. అయితే జబ్బును ఇంటి గడప దాటనీయకుండా దాచుకున్న మనిషికి ఆ నలుపే పెద్ద భయం. మాత్రల అట్ట చేతిలో పెట్టేటప్పుడే ఈ సంగతి చెప్పకపోతే మధ్యలో మానేసేవాళ్లను తప్పుపట్టలేం.

ఇక లెక్కల సంగతి. వ్యాధి వ్యాప్తి రేటులో చికిత్స రిజిస్టరులో ఉన్నవారినే లెక్కిస్తారు. సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్న రోగులకు మొదట్లో కనీసం రెండేళ్లు మందులిచ్చేవారు. 1998లో దాన్ని ఏడాదికి కుదించారు. వైద్యపరంగా అది సబబే. కానీ కొత్త రోగులు తగ్గకపోయినా రిజిస్టరు మాత్రం పలచబడింది. పదివేల మందికి ఒకరి కన్నా తక్కువ అన్న లక్ష్యాన్ని 2005 డిసెంబరులో దేశం అందుకుంది. అప్పటికే లక్షల మంది నిజంగా బాగుపడ్డారు, దాన్ని కాదనలేం. అయితే జనం, పాలకులు ఆ లక్ష్యం చేరడాన్ని జబ్బు పోయిందన్న కబురుగా తీసుకున్నారు. ప్రత్యేక కుష్ఠు సిబ్బందిని అప్పటికే సాధారణ వైద్య సేవల్లో కలిపేశారు. మోచేతి దగ్గర నరం ఉబ్బిందని చేత్తో తడిమి చెప్పగలిగినవాళ్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు.

ఆ నైపుణ్యం లేని లోటు తెలిసేది రియాక్షన్ వచ్చినప్పుడే. చచ్చిన సూక్ష్మజీవుల శకలాల మీద కూడా శరీరం తిరగబడుతుంది. నరాలు వాచిపోతాయి. ఇది కోర్సు నడుస్తుండగా రావచ్చు, ముగిసిన ఏడాదికీ రావచ్చు. వేళ్లు వంకరపోతాయి, పాదం వేలాడుతుంది, రెప్ప మూతపడదు. పట్టు తప్పిన ఆరు నెలల లోపు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడితే చాలామందిలో నరం కోలుకుంటుంది. ఆలస్యమైతే ఆ వైకల్యం శాశ్వతం. మరో రకం రియాక్షన్‌లో ఒళ్లంతా నొప్పి గడ్డలు లేస్తాయి. దానికి థాలిడమైడ్ బాగా పనిచేస్తుందని 1960లలో జెరూసలేంలో షెస్కిన్ అనే వైద్యుడు గమనించారు. గర్భస్థ శిశువుల అవయవాలను దెబ్బతీసిన మందు అదే కనుక గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీల విషయంలో అత్యంత కఠినమైన జాగ్రత్త తప్పదు.

రియాక్షన్ వచ్చినవాడు ఎక్కడికి వెళ్లాలి? రికార్డుల్లో అతను చికిత్స పూర్తయిన వ్యక్తి. మందువల్లే చెయ్యి పడిపోయిందని ఊళ్లో చెబుతాడు, ఆ మాట విని పక్కింటివాడు తన మచ్చ చూపించుకోవడం మానేస్తాడు.

తక్కువ సూక్ష్మజీవులున్న రోగులకూ మూడు మందుల చికిత్సను దేశం 2025 ఏప్రిల్ నుంచి ఖరారు చేసింది. రోగి ఇంట్లోవాళ్లకు, ఇరుగుపొరుగుకు ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ముందుజాగ్రత్తగా ఇస్తున్నారు. బంగ్లాదేశ్ పరిశోధనలో దానివల్ల రెండేళ్లలో వ్యాధి సోకడం సుమారు 57 శాతం తగ్గింది. ఇవన్నీ మంచి అడుగులే. కానీ నెలవారీ మోతాదు ఇచ్చే ప్రతిసారీ చేతుల, కాళ్ల, కళ్ల పటుత్వం, స్పర్శ పరీక్షించడం మాత్రం మానకూడదు. ప్రెడ్నిసోలోన్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి. కోర్సు ముగిసిన రోజు రోగి చేతికిచ్చే కార్డు మీద తర్వాతి రెండేళ్లలో నరాల పరీక్షకు రావలసిన తేదీలు రాసి ఉండాలి. ఆ తేదీకి మనిషి రాకపోతే ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి చూడాలి.