టెలిస్కోప్ వెనక మనిషి

2012 జూలై 30. లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ మెడలో కాంస్యం పడిన రోజు. ఆ పోడియం ఫొటో ఓసారి వెతికి చూడండి. గగన్‌తో పాటు రొమేనియా షూటర్ మోల్డోవియాను బంగారంతో, ఇటలీ కుర్రాడు నికోలో కాంప్రియాని వెండితో ఉంటారు. కాంప్రియానికి 701.5, గగన్‌కి 701.1. తేడా 0.4 పాయింట్లు. అంతే!

ఈ కాంప్రియాని ఇటలీ వాడే గానీ, ఇంజినీరింగ్ చదివింది అమెరికాలో, వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో. అక్కడి కాలేజీ రైఫిల్ టీమ్‌లో తయారైన షూటర్. వాళ్ల కోచ్ జాన్ హామండ్ కూడా అదే ఒలింపిక్స్‌కి వచ్చాడు. కోచ్‌గా అనుకునేరు. కాదు, బ్రిటన్ తరఫున పోటీ పడటానికి! 2008 బీజింగ్‌లోనూ ఇదే సీన్. శిష్యుడు ఇటలీ జెర్సీలో, గురువు బ్రిటన్ జెర్సీలో. అంతకుముందు 2010 ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌లో మన గగన్ నాలుగు బంగారాలు కొట్టినప్పుడు, ఈయన కూడా స్కాట్లాండ్ తరఫున పతకాలు పట్టుకెళ్లాడు.

ఇంతకీ కాలేజీ రైఫిల్ కోచ్ చేసే పనేంటి? క్రికెట్ కోచ్‌లా బౌండరీ దగ్గర నిలబడి అరవడానికి ఉండదు. ఎయిర్ రైఫిల్‌లో టార్గెట్ పది మీటర్ల దూరంలో ఉంటుంది. మధ్యలో పది పాయింట్ల చుక్క వెడల్పు సరిగ్గా అర మిల్లీమీటర్. బాల్ పెన్ను మొన అనుకోండి. అలాంటివి అరవై షాట్లు. దీనికి తోడు స్మాల్‌బోర్ అని ఇంకో పోటీ, పాయింట్ టూ టూ రైఫిల్‌తో మోకాలి మీద ఇరవై, పడుకుని ఇరవై, నిలబడి ఇరవై. అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే టీమ్‌లో, ఒకే లైన్‌లో నిలబడి కొడతారు. ఐదుగురు కొడితే పై నలుగురి స్కోరు లెక్కకి వస్తుంది. రెండు పోటీలూ కలిపి టీమ్‌కి గరిష్ఠంగా 4800.

ఆ సేపంతా కోచ్ వెనక కూర్చుని టెలిస్కోప్‌లోనో స్క్రీన్ మీదో చూస్తూ ఉంటాడు. షూటర్ తనంతట తను రైఫిల్ కింద పెట్టి వెనక్కి వస్తే రెండు మాటలు. ఆ రెండు మాటలూ ఏవన్నదే అసలు ఉద్యోగం. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోయినప్పుడు వెనక నిలబడి ‘ఏమైంది, ఏమైంది’ అనే మేనేజర్లని చూసిన నాకు, ఇలాంటి కోచ్ అంటే కొంచెం అసూయగానే ఉంటుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక పెద్ద టీమ్‌కి 85 స్కాలర్‌షిప్‌లు ఇచ్చుకోవచ్చు అన్న రోజుల్లో, రైఫిల్ టీమ్‌కి ఇచ్చింది 3.6. అవును, మూడున్నర పైన కొంచెం! ఆ మూడు పాయింట్ ఆరుని ముక్కలు చేసి, ఒకరికి సగం, ఒకరికి పావు అని పంచి, వేరే దేశాల పిల్లల్ని కూడా ఒప్పించి తేవాలి. ఇది కూడా కోచ్ పనే.

వెస్ట్ వర్జీనియాలో ఈ కుర్చీకి పెద్ద చరిత్ర ఉంది. ఎడ్ ఎట్జెల్ అని ఒకాయన అక్కడ కోచ్‌గా ఉంటూనే 1984 లాస్ ఏంజెలెస్‌లో బంగారం కొట్టాడు. తర్వాత స్పోర్ట్స్ సైకాలజీ వైపు వెళ్లిపోయాడు. ఆయన తర్వాత మార్షా బీస్లీ వచ్చారు. 1990 నుంచి 1998 లోపల ఎనిమిది నేషనల్ టైటిళ్లు! అలాంటి టీమ్‌ని 2003లో యూనివర్సిటీ ఖర్చులు తగ్గించాలని తీసేసింది. విచిత్రం ఏంటంటే, ఆ యూనివర్సిటీ మస్కట్ తోలు బట్టలేసుకుని, చేతిలో రైఫిల్ పట్టుకున్న కొండమనిషి. బొమ్మ చేతిలో తుపాకీ ఉండొచ్చు, పిల్లల చేతిలో వద్దన్నమాట.

నాకు ఈ కథలో బాగా గుచ్చుకునేది ఇక్కడే. ఎనిమిది సార్లు గెలిచిన కోచ్‌కి కూడా గ్యారంటీ లేదు. ఖాళీ స్టాండ్ల ముందు గెలిస్తే బడ్జెట్ మీటింగ్‌లో ఆ గెలుపు ఎవరికీ గుర్తుండదు. లేఆఫ్ మెయిల్స్ చూసిన మన తరానికి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. బీస్లీ మాత్రం వదిలి వెళ్లలేదు. వ్యవహారం రాష్ట్ర శాసనసభ దాకా పోయింది. 2004లో టీమ్ తిరిగొచ్చింది. ఆవిడ ఇంకో రెండేళ్లు ఉండి, టీమ్‌ని నిలబెట్టి, 2006లో తప్పుకున్నారు. ఆవిడ పేరు మీద తొమ్మిదో టైటిల్ మాత్రం రాలేదు.

అప్పుడొచ్చాడు హామండ్. 2009లో టైటిల్. తర్వాత 2013 నుంచి వరసగా గెలుపే గెలుపు.

2015లో ఆయన టీమ్‌లోకి వర్జీనియా నుంచి జినీ థ్రాషర్ అనే అమ్మాయి వచ్చింది. చిన్నప్పుడు ఫిగర్ స్కేటింగ్ చేసేది, తాతయ్యతో వేటకెళ్లి రైఫిల్ మీద మనసు పడింది. చేరింది ఇంజినీరింగ్‌లో. ఫస్టియర్‌లోనే కాలేజీ నేషనల్స్‌లో రెండు వ్యక్తిగత టైటిళ్లూ కొట్టేసింది. ఆ ఆగస్టులోనే రియో. 19 ఏళ్ల పిల్ల, అటూ ఇటూ చైనా ఒలింపిక్ చాంపియన్లు డు లీ, యీ సిలింగ్. 208.0తో గెలిచింది. 2016 ఒలింపిక్స్ మొత్తంలో అదే మొట్టమొదటి బంగారం. అక్కడే కాంప్రియాని కూడా ఇటలీకి రెండు బంగారాలు కొట్టాడు. మన అభినవ్ బింద్రా నాలుగో స్థానంలో ఆగిపోయి మనందరి గుండె పిండేసిన ఫైనల్ కూడా కాంప్రియాని గెలిచిందే.

మన దగ్గరైతే థ్రాషర్ లాంటి అమ్మాయిని ఏ ఇంజినీరింగ్ కాలేజీ అయినా ‘ముందు అటెండెన్స్ సంగతి చూడమ్మా’ అనేదేమో. నా కాలేజీలో పీటీ పీరియడ్ అంటే ల్యాబ్ రికార్డు రాసుకునే టైమ్!

రియో అయ్యాక థ్రాషర్ మళ్లీ మోర్గన్‌టౌన్‌కి, సెకండియర్ క్లాసులకి వెళ్లింది. మెడల్ ఉన్నా ఆ రేంజ్‌లో లైన్ అదే, చుక్క అదే అర మిల్లీమీటర్. 2017 మార్చిలో హామండ్ టీమ్ వరసగా ఐదో టైటిల్ గెలిచింది.