గుట్ట కాలకముందే సంతకం పెట్టండి

గౌరవనీయులైన అధికారి గారికి,

వానాకాలం వచ్చిందంటే మీ కార్యాలయం నుంచి మా యువజన బృందానికి పిలుపు వస్తుంది. మొక్కలు నాటాలి, పదిమందిని వెంటబెట్టుకుని రావాలి అంటారు, సంతోషంగా వస్తాం. 2015లో హరితహారం మొదలైన నాటి నుంచి మా పాలమూరు పల్లెల్లో ఈ పిలుపును కాదన్నవాళ్లు లేరు. అయితే నాటిన మొక్కకు ఎండాకాలం దిక్కెవరు, గుట్ట మీద దానంతటదే పెరిగిన చెట్టును కాపాడేదెవరు అని మేము అడిగినప్పుడు మాత్రం మీ దగ్గర జవాబు దొరకడం లేదు.

మా గుట్టల మీది సీతాఫలం సంగతే చూడండి. దేశమంతటా తోటల్లో పెంచే బాలానగర్ రకానికి ఆ పేరు వచ్చింది మన జడ్చర్ల పక్కనున్న బాలానగర్ నుంచే. ఇక్కడ మాత్రం సీతాఫలం ఎవరూ నాటకుండానే రాళ్ల సందుల్లో మొలిచి, దసరా రోజుల్లో గంపలకెత్తి అమ్ముకునే ఆడవాళ్లకు నాలుగు రూపాయలు తెచ్చిపెడుతుంది. శివరాత్రి దాటాక గడ్డి ఎండి, ఎవరో పారేసిన బీడీ ముక్కకు గుట్ట అంటుకుంటే పెద్ద చెట్లు మళ్లీ చిగురిస్తాయేమో గానీ, ఆ ఏడు మొలిచిన మొక్కల్లో ఒక్కటీ మిగలదు. పోయిన ఎండాకాలం మంట చల్లారాక మేము వెళ్లేసరికి, కాలిన గడ్డి దుబ్బు మొదట్లో కౌజు పిట్ట గుడ్లు పగిలి నల్లబడి ఉన్నాయి.

ఆ మంట రాకముందే గడ్డి కోసి ఫైర్ లైన్లు తీస్తాం, కూలి వద్దు, అనుమతి చాలు అని మేము దరఖాస్తు ఇచ్చిన విషయం మీకు తెలుసు. అది అటవీ భూమి అని ఒకరు, కాదు రెవెన్యూ భూమి అని మరొకరు మమ్మల్ని తిప్పారు. చివరికి పరిశీలిస్తామని మీరే మాట ఇచ్చారు. ఆ మాట మీద ఎదురుచూస్తుండగానే గుట్ట కాలిపోయింది.

మేము అడుగుతున్నది దయ కాదు. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం చెప్పింది. ఊళ్లోని చెట్టూ పిట్టా, వాటి గురించి పెద్దలకున్న తెలివీ ప్రజలను అడిగి రిజిస్టరులో రాయడం ఆ కమిటీ పని. ఏళ్లు గడిచినా దేశంలో చాలాచోట్ల ఆ పని జరగకపోతే, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, అది దాటిన రాష్ట్రాలు నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలని ఆదేశించాల్సి వచ్చింది. మా ఊరి కమిటీ కాగితం మీద ఉంది. అందులో సభ్యుడైన ఒక గొర్రెల కాపరికి, తాను సభ్యుడన్న సంగతి మేము చెప్పేదాకా తెలియదు. ఆ గుట్టలో ఏ పొద కింద ఏ పిట్ట గుడ్లు పెడుతుందో ఊళ్లో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఆయనను అడిగినవాళ్లూ లేరు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచుల మీద, కార్యదర్శుల మీద బాధ్యత పెట్టింది. కింది వాళ్లకు అంత కచ్చితంగా లెక్క కట్టినప్పుడు, దరఖాస్తుకు జవాబివ్వని పై వాళ్లకు లెక్క ఉండవద్దా?

జనానికి చేతకాదని మీరనుకుంటే, జడ్చర్లలోని బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు వెళ్లి, అధ్యాపకులు, విద్యార్థులు కలిసి పెంచిన తెలంగాణ బొటానికల్ గార్డెన్‌ను చూడండి. సర్కారుకు చేతకాదని మేమూ అనడం లేదు. 2018లో చెదలు పట్టిన పాలమూరు పిల్లలమర్రి చెట్టుకు సెలైన్ సీసాలు కట్టి, బొట్టు బొట్టుగా మందెక్కించి నిలబెట్టింది సర్కారు మనుషులే. ఆ ఓపికలో కొంత, పర్యాటకులు రాని మా గుట్టకు కూడా కావాలి.

ఈ శివరాత్రిలోపు మా దరఖాస్తు మీద సంతకం పెట్టండి, కమిటీని ఊరి నడుమ కూర్చోబెట్టండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాసి ఇవ్వండి, ఆ కాగితాన్ని గ్రామసభలో చదువుతాం.

ఇట్లు,
మీ పిలుపుకు ప్రతి ఏడూ వచ్చే ఒక స్వచ్ఛంద కార్యకర్త